నూలు కొనుటకు ముందు ఒక చీటి

మన నేత కుటుంబములలో మగ్గముమీది పని ఎంత నిక్కచ్చిగా జరుగునో, మగ్గమునకు కావలసిన సరుకు కొనుట అంత అలవోకగా జరుగుచున్నది. అచ్చులో ఒక్క పోగు తప్పిన మన కన్ను ఊరుకొనదు. అంచులో ఒక బుటా జారిన గుడ్డ విప్పి మరల నేయుదుము. కాని వేల రూపాయల నూలునకు పోయినప్పుడు మాత్రము, "మామూలు ఎనభయ్యే, పది బండిళ్లు పంపుడు, రంగు మొన్నటిదే" అని చెప్పి ఇంటికి వచ్చుచున్నాము. ఆ మామూలు ఏదో, ఆ మొన్న ఎప్పటిదో, ధర ఎంతకు తెగినదో వ్రాసిన కాగితము కొన్నవాని ఇంట నుండదు. సరుకు తేడా పడినపుడు రెండు నోళ్ల నడుమ వాదము తప్ప వేరు సాక్ష్యము లేదు.

మేము చెప్పదలచినది పెద్ద విషయము కాదు. ఎంత చిన్న ఇల్లైనను, రెండు మగ్గములున్నను ఇరువది మగ్గములున్నను, నూలు, పట్టు, జరీ, రంగు కొనుటకు ముందు ఒక ఆర్డరు చీటి వ్రాయవలెను. నకలు ఇంట ఉంచుకొనవలెను. సరుకు వచ్చినపుడు ఆ నకలు ఎదుట పెట్టుకొని తూచి, లెక్కించి, లోటున్న ఆ కాగితముమీదనే గుర్తింపవలెను.

దీనికి వెంటనే వచ్చు జవాబు, "బిల్లు ఉన్నది గదా" యని. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినది మొదలు బిల్లు లేని వ్యాపారము తగ్గినమాట నిజమే. ఐనను బిల్లు అమ్మినవాని మాట. అతడు ఏమి పంపితినని చెప్పుచున్నాడో అందు ఉండును. మనము ఏమి అడిగితిమో అందు ఉండదు. అడిగినదానికిని వచ్చినదానికిని నడుమ తేడా చూపగలది కొన్నవాని చీటి ఒక్కటే. సహకార సంఘములకు ఈ సంగతి క్రొత్త కాదు. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి కార్పొరేషను నుండి నూలు తెప్పించుకొను సంఘము ఇండెంటు పెట్టక తెప్పించుకొనదు. 2021-22 మొదలు 2025-26 వరకని ఏర్పరచిన ముడిసరుకు సరఫరా పథకము క్రింద చిలప నూలుపై నూటికి 15 రూపాయల రాయితీ పొందిన వారును లెక్క చూపియే పొందిరి. సంఘమునకున్న ఈ అలవాటు సంఘ సభ్యుని ఇంటిలోనికి ఎందుచేతనో అడుగు పెట్టలేదు.

రెండవ జవాబు మరికొంత సున్నితమైనది. "తాతల నాటి నుండి ఆ షావుకారు వద్దనే కొనుచున్నాము, చీటి వ్రాసి యిచ్చిన అతనిని నమ్మనట్లు కాదా?" అని పెద్దలు అందురు. మేము వారిని ఒకటి అడుగుదుము. మనము అరువు పెట్టి నూలు తెచ్చిన దినమున ఆ షావుకారు తన ఆవర్జాలో మన పేరు క్రింద వ్రాసికొనుట లేదా? తేదీ, బరువు, ధర, బాకీ అన్నియు వ్రాసికొనును. దానిని చూచి మనలో నెవ్వరును చిన్నబుచ్చుకొనలేదు. వ్యాపారములో అది మర్యాదయే అనుకొంటిమి. అతడు వ్రాసికొనుట మర్యాద, మనము వ్రాసికొనుట అవమానము ఎట్లగును? మంచి వ్యాపారికి చీటి వలన మేలే. గుమాస్తా పొరపాటున వేరొకరి సరుకు మనకు పంపిన, అతనికే తెలిసిపోవును.

ఇక అసలు నష్టము ఎక్కడ జరుగుచున్నదో చూడుడు. మనలో చాలమంది నూలును తూకముతో కొందురు, పడుగును పొడవుతో లెక్కింతురు. ఈ రెంటికిని నడుమ నున్నది కౌంటు. 840 గజముల చిలపలు పౌనుకు ఎన్ని తూగునో అదియే కౌంటని మనకందరకు తెలిసినదే. 48 అంగుళముల పన్నా, అంగుళమునకు 80 పోగులు అనుకొందము. మొత్తము 3,840 పోగులు. 40 గజముల పడుగునకు 1,53,600 గజముల నూలు కావలెను. దానిని 840తో భాగించిన సుమారు 183 చిలపలు, ఆ చిలపలను 80తో భాగించిన సుమారు 2.29 పౌన్లు, అనగా 1 కిలో 37 గ్రాములు. తరుగును వేరుగా కలుపుకొనవలెను. ఇంతవరకు లెక్క సరియే. ఇప్పుడు వ్యాపారి పంపినది 80 కాక 76 అనుకొనుడు. తూకము సరిగానే యుండును. త్రాసు మోసము చేయదు, బిల్లులో బరువు తప్పుండదు. కాని అదే బరువులో వచ్చు నూలు 1,45,920 గజములే. 7,680 గజములు తక్కువ. 3,840 పోగుల పడుగులో అది సరిగా రెండు గజములు.

నలుబది గజములలో రెండు గజములు పోయిన, నేతగాడు ఏమనుకొనును? ఆసు పోయుటలో తరుగు ఎక్కువైనదనుకొనును. లేదా కండెలు చుట్టువారు నూలు పారవేసిరని ఇంటిలోనే కసరుకొనును. నూటికి ఐదు పాళ్ల నష్టము కండెలు చుట్టు చేతులమీద పడి, అమ్మినవాని దుకాణము గడప దాటి పోదు. దీనికి విరుగుడు చీటిలో "80 కౌంటు, సింగిలు" అని స్పష్టముగా వ్రాయుట, వచ్చినపుడు పది చిలపలు తీసి తూచుట. 840 గజముల చిలపలైన, 80 కౌంటు చిలపలు పదియు కలిసి 56.7 గ్రాములు తూగవలెను. 76 కౌంటైన 59.7 గ్రాములు తూగును. మూడు గ్రాముల తేడా పెద్ద త్రాసుకు అందదు గాని, బంగారు పనివారు వాడు చిన్న త్రాసు కొన్నచో చక్కగా పట్టుకొనును. దాని వెల ఒక బండిలు నూలు వెలకంటె ఎక్కువ కాదు. పది ఇండ్లవారు కలిసి ఒకటి కొనుకొన్నను చాలును. చిలప ఎన్ని గజములదో మిల్లు చీటి చూచుకొని మరీ తూచవలెను. మిల్లులలో కౌంటు కొంచెము హెచ్చుతగ్గులగుట సహజము. నూటికి ఒకటి రెండు పాళ్లను పట్టుకొని పేచీ పెట్టుట మర్యాద కాదు. ఐదు పాళ్లైనపుడు మాటలాడకుండుట తెలివి కాదు.

బండిలు బరువును కూడ చీటిలో వ్రాయవలెను. పాతకాలపు బండిలు 10 పౌన్లు, అనగా 4 కిలోల 536 గ్రాములు. ఇప్పుడు నాలుగున్నర కిలోల బండిలును కొందరు అదే పేరున అమ్ముచున్నారు. బండిలుకు 36 గ్రాములే గదా యని తోచును. 25 బండిళ్లకు 900 గ్రాములు. పైన చెప్పిన పడుగులో ముప్పాతికకు మించిన నూలు అది. కోను నూలు వాడు షోలాపురము, భివండి మరమగ్గముల వారైన, గొట్టము బరువు తీసివేసిన నికర బరువు ఎంతయని వ్రాయించుకొనవలెను.

తేమ సంగతి వేరు. ప్రత్తి నూలులో ఎండిన బరువుపై నూటికి 8.5 పాళ్ల తేమ యుండుట వ్యాపారము ఒప్పుకొన్న లెక్క. పట్టునకు 11 పాళ్లు. వానకాలమున తడి గోడల గోదాములో నిలువయున్న ప్రత్తి నూలు 11 పాళ్లకు పోయినచో, వంద కిలోలకు రెండు కిలోల పైచిలుకు నీళ్లను నూలు ధరకు కొన్నట్లు. దీనిని ఇంటిలో కొలుచుట కష్టమే. కాని వచ్చిన దినపు బరువును, నాలుగు దినములు ఆరిన తరువాతి బరువును చీటి వెనుక వ్రాసికొన్న, ఏ వ్యాపారి గోదాము ఎటువంటిదో రెండు మూడు సారులలో తెలిసిపోవును.

పట్టు కొను కంచి, ఆరణి, బరంపురము వారికి ఒక మాట. పచ్చి పట్టును ఉడికించి బంక తీసినపుడు బరువులో ఇంచుమించు నాలుగవ వంతు వరకు పోవును. కనుక చీటిలో "పట్టు ఇన్ని కిలోలు" అనిన చాలదు. పచ్చిదా, బంక తీసినదా, ఎన్ని డెనియర్లు, ఎన్ని పోగుల పురి అనునవి లేనిచో ఆ చీటి ఉన్నను లేనట్లే. జరీ విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. అసలు జరీ, టెస్టెడు జరీ, ప్లాస్టికు జరీ మూడును మెరయును. మూడింటి వెలలకు పొంతన లేదు. మార్కుల లెక్కను కొనునపుడు ఒక మార్కు ఎన్ని గ్రాములో, వెండి పాలు, బంగారు పాలు ఎంతయో సూరతు వ్యాపారి ప్రతినిధి చేత చీటిమీదనే వ్రాయింపవలెను. వెండి ధర దినదినము మారుచుండును గనుక, ధర ప్రక్కన తేదీ లేని జరీ చీటి తగవునకు మూలము.

రంగు నూలు కొనువారికి లాటు నెంబరే ప్రాణము. మా యెరుకలోని ఒక ఇంట తువ్వాళ్లకు రంగు నూలు రెండు దఫాలుగా వచ్చినది. రంగు పేరు ఒకటే, బిల్లులో వ్రాసినదియు ఒకటే, లాట్లు వేరు. దీపపు వెలుగున చుట్టునప్పుడు తేడా కనుపించలేదు. నేసిన తరువాత పగటి వెలుతురున గుడ్డమీద చారలు తేలినవి. కొన్న దుకాణదారు సరుకును త్రిప్పి పంపినాడు. నూలు వ్యాపారి, "మీరు ఒకే లాటు కావలెనని అడుగలేదు" అన్నాడు. ఆ మాటకు బదులు లేదు, ఎందుకనగా అడిగినట్లు కాగితము లేదు. చీటిలో "అంతయు ఒకే లాటు, మిగిలినది వేరు లాటైన పంపవలదు" అను ఒక్క పంక్తి ఉండిన, ఆ నష్టము ఎవరిదో చెప్పుటకు పంచాయతీ అవసరము లేకపోయెడిది.

సరుకు జాడ తెలియుటకు చీటి పనికివచ్చు విధము ఇంకొకటి కలదు. మనము 20 బండిళ్లు అడుగుదుము, 12 వచ్చును, "మిగిలినవి వచ్చు వారము" అందురు. వచ్చు వారము మనము ఇంకొక పదింటికి చెప్పుదుము. అప్పుడు వచ్చిన ఎనిమిది పాతవా, క్రొత్తవా? ముందు ఇచ్చిన రొక్కము దేనికింద జమ? నెల తిరుగునప్పటికి ఎవరికిని తెలియదు, షావుకారు ఆవర్జాకు తప్ప. ప్రతి చీటికి ఒక వరుస నెంబరు వేసి, వచ్చినంత వ్రాసి, రావలసినది క్రింద గీత గీచి ఉంచిన, పుస్తకము తిప్పుటతోనే బాకీ సరుకు కనుపించును. ఇంట ఎన్ని దినములకు నూలున్నది, ఏ లాటు అయిపోవచ్చుచున్నది, పండుగ బేరములకు ముందు ఎప్పుడు చెప్పవలెను అనునవియు అందులోనే తెలియును. పడుగులు బయటి మగ్గములకు ఇచ్చువారు ఇచ్చిన నూలు బరువు, తిరిగి వచ్చిన గుడ్డ బరువు అదే చీటి నెంబరు క్రింద వ్రాసికొన్న, ఏ కట్టలోని నూలు ఏ ఇంట గుడ్డయైనదో చెప్పవచ్చును.

ధర సంగతికి 2022వ సంవత్సరము జ్ఞాపకము చేసికొన్న చాలును. ఆ మే నెలలో 356 కిలోల ప్రత్తి ఖండి లక్ష రూపాయలు దాటినది. నూలు ధర వారము వారము ఎగబ్రాకినది. ముందు చెప్పిన ధరకు సరుకు ఇచ్చినవారు ఉన్నారు, సరుకు వచ్చిన దినపు ధర కట్టినవారును ఉన్నారు. "ఇన్ని బండిళ్లు, ఇంత ధరకు, ఇన్ని దినములలో" అని వ్రాసి వ్యాపారిచేత సంతకము చేయించుకొన్నవాడు ధైర్యముగా మాటలాడగలడు. నోటిమాటవాడు బ్రతిమాలుకొనవలసినదే.

ఈ పుస్తకము ఎవరి చేతిలో నుండవలెను? ఇంటి యజమాని చేతిలో అని అందరును అందురు. మేమట్లు అనుకొనుట లేదు. బండిలు విప్పునది ఎవరు? చిలప జాడించి, రాట్నముపై వేసి, కండె చుట్టునది ఎవరు? నూలు తెగుచున్నదని, పురి వదులుగా నున్నదని, రంగు చేతికి అంటుచున్నదని అందరికంటె ముందు తెలిసికొనునది మన ఆడువారు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణనలో నేతపని, అనుబంధపని చేయువారు కలిసి 35 లక్షలకు పైబడగా, వారిలో స్త్రీలే అధికము. ఐనను దుకాణమునకు పోవు పురుషునకు నూలు లోపము తెలియదు, లోపము తెలిసిన స్త్రీకి దుకాణమున మాట లేదు. చీటి నకలు ఆమె యొద్ద నుండి, వచ్చిన సరుకును ఆమె చూచి గుర్తు పెట్టిన తరువాతనే సొమ్ము చెల్లించు పద్ధతి ఏర్పడిన, ఈ రెండు చివరలు కలియును. అత్తగారు ఉన్న ఇంట అత్తగారు, కోడలు ఉన్న ఇంట కోడలు. యజమానులకు ఇది కొంచెము కష్టముగా తోచవచ్చును. నష్టముకంటె కష్టము మేలు గదా.

తెలుగు దేశము వెలుపల స్థిరపడిన మనకు ఇందులో మరొక చిక్కు కలదు. అది భాష చిక్కు. షోలాపురమున నూలు బజారు మరాఠీలో, హిందీలో నడచును. సేలమున, కంచిలో తమిళము. దొడ్డబళ్లాపురమున కన్నడము. ఇంట పెద్దలకు వచ్చిన లిపి తెలుగు. బడిలో పిల్లలకు వచ్చినది ఆ రాష్ట్రపు లిపియు ఇంగ్లీషును. అందుచే తండ్రి వ్రాసిన చిట్టా కొడుకు చదువలేడు, కొడుకు తెచ్చిన బిల్లు తల్లి చదువలేదు. దేవనాగరి అంకెలలో నాలుగు, చూచుటకు ఇంగ్లీషు ఎనిమిది వలె నుండును. నాలుగు బండిళ్ల చోట ఎనిమిది అనుకొని సొమ్ము లెక్కించిన పెద్దలు మన ఇండ్లలో లేకపోలేదు. రంగుల పేర్లైన చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో "పచ్చ" అనిన పసుపుపచ్చయు కావచ్చును, ఆకుపచ్చయు కావచ్చును. సేలము వ్యాపారికి ఆ మాట వినబడిన ఆకుపచ్చయే. పసుపు కావలసినవానికి ఆకుపచ్చ నూలు వచ్చి, "మీరు చెప్పినదే పంపితిని" అని అతడు ప్రమాణము చేయును. అతడు అబద్ధమాడుట లేదు. యానామువారు అదృష్టవంతులు, వారి బజారు తెలుగు బజారే.

అందుచే చీటి రెండు లిపులలో నుండవలెనని మా అభిప్రాయము. పైన తెలుగు, దాని క్రిందనే స్థానిక లిపి. అంకెలు మాత్రము ఇంగ్లీషు అంకెలు, ఒక్క తీరుననే. రంగు పేరు ఏ భాషలో వ్రాసినను, దాని ప్రక్కన అదే రంగు పోగు ఒక జానెడు కాగితమునకు కుట్టియుండవలెను. పోగు అబద్ధమాడదు, దానికి అనువాదము అక్కరలేదు. ఇంకొక లాభము కూడ కలదు. ఇంటి పిల్లవాడు స్థానిక లిపిలో వ్రాయుటకు కూర్చున్న, నాయనమ్మ తెలుగు మాట చెప్పుచుండును. పడుగు, పేక, చిలప, కండె అను మాటలు ఆ పిల్లవాని చెవిని పడును. ఇది మా చీటి వాదమునకు సంబంధించినది కాదు గాని, వ్రాయకుండ ఉండలేకపోతిమి.

యువకులు కొందరు, "ఇంత తంటా ఏల, ఫోనులో వాట్సాపు పెట్టితిమి, అదియే సాక్ష్యము" అందురు. మాకు అభ్యంతరము లేదు. కౌంటు, బరువు, లాటు, ధర, తేదీ, ఎన్ని దినములలో అన్నియు అందులో వ్రాసి పంపి, అవతలివాడు సరేయని బదులు పెట్టినచో అదియు చీటియే. కాని మనవారు పంపుచున్నది అది కాదు. "అన్నా, మొన్నటిదే పది" అని నోటితో చెప్పి పంపు శబ్దము. నోటిమాట ఫోనులోనికి పోయినంత మాత్రమున వ్రాత కాదు. ఫోను పోయిన, పాడైన, ఆ నెల లెక్కంతయు దానితో పోవును. అందుచేత ఫోనులో పంపినదానిని పుస్తకములో ఎక్కించుట మానరాదు.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న అరువు. షావుకారుకు బాకీపడిన నేతగాడు, "ఈ నూలు నాకు వద్దు" అని ఏ ముఖముతో అనగలడు? నూలుకొరకు నేతగాడు మధ్యవర్తులకు లోబడియుండుటను పి.జె. థామసుగారి అధ్యక్షతను 1941లో ఏర్పడిన విచారణసంఘము నాడే ఎత్తిచూపినది. ఒక్క చీటితో ఆ సంకెల తెగునని మేము చెప్పము. కాని బాకీవాడు కూడ చీటి వ్రాయవచ్చును. సరుకు త్రిప్పి పంపలేకపోయినను, "ఈ పది బండిళ్లలో ఇంత లోటు వచ్చినది" అని వ్రాసి ఉంచవచ్చును. సంవత్సరాంతమున బాకీ లెక్క చూచుకొనునపుడు ఆ లోట్లన్నియు కూడి ఒక మొత్తమగును. ఆ మొత్తము చూపి తగ్గింపు అడిగినవానికిని, ఏమియు చూపక తగ్గింపు అడిగినవానికిని వ్యత్యాసమున్నది. ఒక్కడే అడుగలేనిచోట వీధిలోని ఎనిమిది పది ఇండ్లవారు కలిసి ఒకే చీటి వ్రాసి ఒకేసారి కొన్న, వ్యాపారి ఆ చీటిని గౌరవించును. లాటు కూడ ఒకటియే వచ్చును.

చట్టము సంగతి రెండు మాటలలో చెప్పెదము. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ప్రకారము, ఒప్పుకొన్నదానికంటె తక్కువ సరుకు వచ్చిన యెడల కొన్నవాడు దానిని త్రిప్పివేయవచ్చును, లేదా ఉంచుకొని వచ్చినంతకే ఒప్పందపు ధర చెల్లింపవచ్చును. నమూనా చూపి అమ్మిన సరుకు ఆ నమూనాకు సరిపోవలెను, అందుకే పోగు కుట్టుమని చెప్పితిమి. కాని తగిన కాలము దాటువరకు మారుమాట చెప్పక సరుకు ఉంచుకొన్న, ఒప్పుకొన్నట్లే యగును. సగము బండిలు చుట్టిన తరువాత మేలుకొనిన లాభము లేదు.

మనము గుడ్డ అమ్మునపుడు ఈ చీటియే మనవైపు తిరుగును. చిన్న పరిశ్రమల 2006 నాటి చట్టము క్రింద, ఉద్యం నమోదు ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవాడు ఒప్పందములో వ్రాసిన గడువున సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములకు మించరాదు. వ్రాతలో ఒప్పందము లేనిచో 15 దినములే. గుడ్డలో లోపమున్నదని కొన్నవాడు చెప్పదలచిన, అదియు 15 దినములలో వ్రాతమూలముగా చెప్పవలెను. పట్టణపు పెద్ద దుకాణములవారు నాలుగు నెలల తరువాత, "రంగు తేడా" అని సొమ్ము విరుచుకొనుట మనకందరకు అనుభవమే. వారినుండి ఆర్డరు కాగితము పుచ్చుకొనక గుడ్డ పంపుట మనమే మానివేయవలెను. ఇంట నూలు కొనునపుడు వ్రాయుట నేర్చినవాడు, గుడ్డ అమ్మునపుడు అడుగుట తనంతట నేర్చును.

పుస్తకము ఎట్లుండవలెనో చెప్పి ముగింతుము. పుటకు వరుస నెంబరు, తేదీ, వ్యాపారి పేరు, సరుకు, కౌంటు లేక డెనియరు, లాటు, బరువు, ధర, గడువు, ముందు ఇచ్చిన సొమ్ము. క్రింద సగము ఖాళీ, వచ్చిన సరుకు వ్రాసికొనుటకు. ప్రక్కన పోగు కుట్టుటకు చోటు. రెండు కాగితములు, నడుమ కార్బను. పైది వ్యాపారికి, క్రిందిది ఇంటికి. ఇటువంటి పుస్తకములను మన సంఘము ఒకేసారి అచ్చువేయించిన వెల తగ్గునని, వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ విషయము పెట్టవలెనని మేము కోరుచున్నాము. తెలుగు క్రింద ఏ ఊరివారికి మరాఠీ కావలెనో, ఏ ఊరివారికి తమిళము, కన్నడము, ఒడియా కావలెనో, ఎన్ని పుస్తకములు కావలెనో శాఖల కార్యదర్శులు సమావేశమునకు ముందే వ్రాసి పంపవలయును. పట్టువారికి, ప్రత్తివారికి గడులు వేరుగా నుండవలెనా అను విషయమున కంచి, బరంపురము సోదరుల అభిప్రాయమును ప్రత్యేకముగా తెలియజేయవలయును.